టచింగ్ బల్ల మీద మొహాలు

టచింగ్ బల్ల అంటే ఇప్పటి పిల్లలకి తెలీదు. ఏటవాలుగా నిలబెట్టిన చెక్క చట్రం, మధ్యలో గరుకు గాజు, కింద వెలుతుర్ని పైకి కొట్టడానికి ఓ అద్దం. గాజు మీద నెగెటివ్ పెట్టి దూదితో పల్చగా మందు రుద్దితే పెన్సిలుకి పట్టు దొరుకుతుంది. పెన్సిలు గట్టిది కావాలి. గరుకు కాగితం మీద తిప్పి తిప్పి ముల్లుని సన్నగా చేసుకోవాలి. నెగెటివ్‌లో అంతా తిరగబడి ఉంటుంది. జుట్టు తెల్లగా, పళ్లు నల్లగా కనిపిస్తాయి. కంటికింద గుంట, మశూచి మచ్చ, మొటిమ అన్నీ పల్చటి చుక్కలై ఉంటాయి. ఆ పల్చటి చోట్లలో కంటికి ఆనీఆనని గీతలు నింపుకుంటూ పోతే ప్రింటులో అక్కడ తెల్లబడుతుంది. ఎంత నింపితే అంత తెలుపు.

1979లో నా ఇంటర్ అయిపోగానే నాన్న నన్ను ఆ బల్ల ముందు కూర్చోబెట్టాడు. తెనాలి బోసు రోడ్డులో మా స్టూడియో. ఫోటో తియ్యడం, డార్క్ రూములో కడగడం నాన్న పని. టచింగ్ చేసే మాస్టారికి చూపు మందగించడంతో ఆ పని నా చేతికొచ్చింది. అప్పట్నించీ మనుషుల మొహాల్ని వేలెడు దూరంలో చూస్తూ బతికాను. కౌంటరు దగ్గర నిలబడి వాళ్లు తమ మొహాల గురించి ఏమడిగేవాళ్లో, ఆ అడిగే తీరు ఎలా మారుతూ వచ్చిందో నాకు బాగా తెలుసు. ఎవరో ఎక్కడో కూర్చుని తయారుచేసిన ప్రకటన మా ఊరి ఆడపిల్ల నోట్లోంచి ఆ పిల్ల సొంత కోరికలా బయటికి రావడం నేను విన్నాను. దాన్ని గురించి రాయాలని ఎప్పట్నించో అనుకుంటున్నాను.

రంగు పిచ్చి ప్రకటనలు కనిపెట్టిందేమీ కాదు. మా నాయనమ్మ చంటిపిల్లలకి సున్నిపిండి పెట్టి నలిచేటప్పుడు ‘రంగు తేలాలి’ అనే అనేది. కడుపుతో ఉన్నవాళ్లకి పాలల్లో కుంకుమపువ్వు వేసి ఇచ్చేవాళ్లు. పెళ్లిళ్ల పేరయ్యగారు చేతిసంచీలో కవర్లు సర్దుకుంటూ ‘పిల్ల చామనచాయ, కానీ కళగల మొహం’ అన్నారంటే, కట్నం దగ్గర ఇంకాస్త బేరం నడుస్తుందని అందరికీ అర్థమయ్యేది. ఎర్రగా బుర్రగా ఉన్న పిల్లకి ఆ బాధ లేదు. ఇవన్నీ మా ఇళ్లలో ఉన్నవే. అయితే అప్పట్లో రంగు అంటే పుట్టుకతో వచ్చేది. ఎత్తు, గొంతు ఎలాగో అదీ అలాగే. తల్లి నిట్టూర్చేది, తండ్రి కట్నం కూడబెట్టేవాడు, పిల్ల మాత్రం తన పని తను చూసుకునేది. నల్లగా పుట్టడం ఆ పిల్ల చేసిన అశ్రద్ధ అని ఎవరూ అనేవాళ్లు కాదు. ఆ మాట తర్వాత వచ్చింది.

నాన్నకి నల్లటి మొహాలంటే ఇష్టం. ఇది వ్యాపారం కోసం చెప్పే మాట కాదు, బ్లాక్ అండ్ వైట్‌లో పనిచేసిన ఎవర్నడిగినా చెబుతారు. నల్లటి చర్మం మీద లైటు పడితే చెంప ఎముక దగ్గర, ముక్కు దూలం మీద, కింది పెదవి మీద మెరుపు నిలుస్తుంది. మొహానికి లోతు వస్తుంది. తెల్లటి మొహం మీద అదే లైటు చదునుగా పరుచుకుంటుంది. పెళ్లి సంబంధానికి ఫోటో తీయించుకోవడానికి వచ్చే ఆడపిల్లలు ఇంటి దగ్గరే పౌడరు దట్టించుకుని వచ్చేవాళ్లు. నాన్న తడి తువ్వాలు అందించి, ‘అమ్మా, ముందు మొహం కడుక్కురా తల్లీ, పౌడరు మీద లైటు పడితే బూడిద పూసినట్టు వస్తుంది’ అనేవాడు. తర్వాత కొబ్బరినూనె చుక్క ఒకటి అరచేతిలో రాసుకుని మొహానికి అద్దుకోమనేవాడు. తల్లులకి అది నచ్చేది కాదు. ప్రింటు చేతికొచ్చాక మాత్రం మాట్లాడేవాళ్లు కాదు. నా పనికి నాన్న పెట్టిన హద్దు ఒకటే. మచ్చ తియ్యి, మనిషిని తియ్యకు. మొటిమ రేపు పోతుంది కాబట్టి తీసెయ్యొచ్చు, పుట్టుమచ్చ జోలికి పోకూడదు. కళ్లకింద నీడ కాస్త తగ్గించొచ్చు, ముక్కు సన్నం చెయ్యకూడదు. రంగుకి కూడా అంతే. మరీ పట్టుబడితే ఎన్‌లార్జరు కింద కాగితాన్ని ఒక లెక్క తక్కువ ఉంచేవాడు, ప్రింటు ఓ పిసరు తెల్లగా వచ్చేది. అంతకుమించి చేసేవాడు కాదు.

నేనూ నలుపే. పెళ్లి సంబంధాలకి పంపే నా ఫోటోని నాన్నే తీశాడు. దాని నెగెటివ్ టచింగ్ బల్ల దాకా రానివ్వలేదు. ‘చూసేవాడు ఫోటోని చూసి రాకూడదు, నిన్ను చూసి రావాలి’ అన్నాడు. సంబంధాలు వెనక్కి పోయాయి. ఒకటి నిలిచింది. ఆ మనిషితోనే ఇప్పటికీ కాపురం చేస్తున్నాను.

ఫెయిర్ అండ్ లవ్లీని హిందుస్థాన్ లీవర్ 1975లో బజారులోకి తెచ్చింది. కానీ మా కౌంటరు దగ్గర దాని ప్రభావం నాకు కనిపించింది టీవీ వచ్చాకే. 1982లో దూరదర్శన్‌కి రంగులొచ్చాయి. ఆ దశాబ్దం సగానికొచ్చేసరికి మా వీధిలోనూ యాంటెన్నాలు లేచాయి. అంతకుముందు ప్రకటనలు లేవని కాదు. వారపత్రికల వెనక అట్టల మీద లక్స్ సబ్బు పట్టుకుని సినిమా తారలు నవ్వుతూనే ఉండేవాళ్లు. లక్స్‌కి మన దేశంలో మొదటి తార లీలా చిట్నిస్, అది 1941 నాటి మాట. ఆ బొమ్మల్ని చూసేవాళ్లం, అట్ట చించి గోడకి అంటించుకునేవాళ్లం. ఆ తార తారే, మనం మనమే అన్నది అందరికీ తెలిసిన సంగతి. ఆ సబ్బు వాడితే సావిత్రి అయిపోతామని మా ఊళ్లో ఎవరూ అనుకోలేదు. సావిత్రి పుట్టిన ఊరు మాకు దగ్గరే అయినా సరే.

క్రీమ్ ప్రకటన చేసిన పని వేరు. అది కథ చెప్పింది. మొదట్లో పిల్ల దిగులుగా, తల వంచుకుని, మసక వెలుతుర్లో ఉంటుంది. కొన్ని వారాలు గడుస్తాయి. అదే పిల్ల తల ఎత్తి, వెలుతుర్లోకి వచ్చి, ఉద్యోగమో మొగుణ్నో సంపాదించుకుంటుంది. ఒకే మొహం పక్కపక్కనే నాలుగైదు సార్లు, ముదురు నుంచి లేతకి. డబ్బాలో రంగుల పట్టీ కూడా పెట్టేవాళ్లు, చెంప దగ్గర పెట్టి కొలుచుకోవడానికి. నా వృత్తి దృష్టితో చూస్తే ఆ బొమ్మల్లో మారింది చర్మం ఒక్కటే కాదు, లైటు మారింది. మొదటి బొమ్మకి లైటు పక్కనుంచి, తక్కువ. చివరి బొమ్మకి ఎదుటినుంచి, మెత్తగా, నిండుగా. మొదటి దాంట్లో నవ్వు లేదు, చివరిదాంట్లో ఉంది. మా స్టూడియోలో ఏ పిల్లనైనా కూర్చోబెట్టి ఒక్క గంటలో ఆ రెండు ఫోటోలూ తీసి చూపించగలిగేదాన్ని. కానీ ఆ పట్టీ చేతికొచ్చిన పిల్లకి తన చర్మం ఒక మెట్ల వరస అయిపోయింది. తను ఎన్నో మెట్టు మీద ఉందో కొలుచుకోవడం నేర్చుకుంది. ఎక్కగలిగీ ఎక్కకపోతే తప్పు ఎవరిది? ‘ఏమీ రాసుకోదండీ, ఎంత చెప్పినా వినదు’ అని తల్లులు కౌంటరు దగ్గర కూతుళ్ల మీద చాడీలు చెప్పడం అప్పుడే మొదలైంది. నల్లగా ఉండటం బద్ధకం కింద లెక్కకొచ్చింది. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

కలర్ ఫిల్మ్ వచ్చాక మా పని విజయవాడ ల్యాబులకి పోయింది. రోల్సు సంచీలో వేసుకుని రైలెక్కి వెళ్లి, సాయంత్రానికి ప్రింట్లు తెచ్చుకునేవాళ్లం. నేను పనిచేయించిన ల్యాబులో మిషను పక్కన ఒక తెల్ల దొరసాని ఫోటో అంటించి ఉండేది. రంగులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవడానికి ఆపరేటర్లు ఆ కార్డుతో పోల్చుకునేవాళ్లు. ఆవిడ చర్మం చర్మంలా వస్తే మిషను సరిగ్గా ఉన్నట్టు. ఆ కార్డుల కథ నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కోడక్ కంపెనీ ల్యాబులకి పంపే కార్డు అది. మొదటి కార్డులో ఉన్నావిడ అక్కడే పనిచేసిన షర్లీ అనే అమ్మాయి కాబట్టి అన్నిటినీ షర్లీ కార్డులే అనేవాళ్లట. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ దీని మీద వివరంగా రాశారు. నల్లటి చర్మంలోని ఛాయలు ఫిల్ములో సరిగ్గా రావడం లేదన్న సంగతిని కంపెనీ గట్టిగా పట్టించుకున్నది ఎప్పుడంటే, చాక్లెట్ల తయారీదార్లూ, చెక్క సామాన్ల తయారీదార్లూ తమ గోధుమరంగులు సరిగ్గా పడటం లేదని గొడవపెట్టాక. మా నాన్న బతికుండగా ఈ సంగతి తెలిస్తే ఎంత బాధపడేవాడో.

మిషను ఇంకో అన్యాయం కూడా చేసేది. అది ఫ్రేములో ఉన్న మొత్తం వెలుతుర్ని సగటు తీసి ప్రింటు వేస్తుంది. వెనక తెల్ల కర్టెను ఉంటే నల్లటి మొహం ఇంకా నల్లగా వచ్చేది. ఆపరేటరు కూర్చుని డెన్సిటీ బటన్ తగ్గిస్తేనే ఆ మొహం మనిషి మొహంలా వస్తుంది. పెళ్లిళ్ల సీజన్లో వందల రోల్సు మధ్య ఆ ఓపిక ఎవరికుంటుంది? అలా వచ్చిన ప్రింట్లు చూసుకుని ‘నేను ఇంత నల్లగా ఉంటానా అక్కా?’ అని అడిగిన పిల్లలు చాలామంది ఉన్నారు. లేవమ్మా, మిషను అలా వేసింది అని చెబితే నమ్మేవాళ్లు కాదు. కెమెరా అబద్ధం చెప్పదని వాళ్ల నమ్మకం. ఇంటికెళ్లి టీవీ పెడితే అక్కడ కనిపించే పిల్ల పాలరాతి బొమ్మ.

1994లో సుస్మితా సేన్‌కి మిస్ యూనివర్స్, ఐశ్వర్యా రాయ్‌కి మిస్ వరల్డ్ కిరీటాలొచ్చాయి. మరుసటి ఏడు ఈటీవీ, జెమిని మొదలయ్యాయి. అప్పటిదాకా పెళ్లికూతుర్ని పిన్నులూ అత్తలూ ముస్తాబు చేసేవాళ్లు. ఇక గంగానమ్మపేటలో, మారీసుపేటలో ఇళ్ల ముందు గదుల్లో బ్యూటీ పార్లర్లు వెలిశాయి. ఫోటోకి ముందు బ్లీచ్ చేయించుకుని, చెంపలు కందిపోయి, ‘మంటగా ఉంది, త్వరగా తీసెయ్యండి’ అంటూ వచ్చేవాళ్లు. వంద గ్రాముల డబ్బా కొనలేని వాళ్లకి చిన్న ప్యాకెట్లు వచ్చాయి. పొలం పనికి వెళ్లే పిల్లలు కూడా కిరాణా కొట్లో అడిగి కొనుక్కునేవాళ్లు. ఎండలో కలుపు తీసే మనిషికి ఎండని చెరుపుకునే మందు అమ్మడం ఎంత దారుణమో ఆలోచించండి.

ఒక ప్రకటన మీద మాత్రం దేశమంతా గొడవ జరిగింది. ఇంట్లో కాఫీకి డబ్బుల్లేక తండ్రి ‘కొడుకన్నా ఉంటే’ అని బాధపడతాడు. నల్లగా ఉన్న కూతురు ఆ మాట వింటుంది, క్రీమ్ రాసుకుంటుంది, ఎయిర్ హోస్టెస్ అవుతుంది. అప్పుడు తండ్రికి కాఫీ దొరుకుతుంది. ఐద్వా మహిళా సంఘం వాళ్లు ఆ తరహా ప్రకటనల మీద జాతీయ మానవ హక్కుల సంఘం దాకా, కేంద్ర సమాచార ప్రసార శాఖ దాకా వెళ్లారు. 2003లో ఆ ప్రకటన ఆగింది. ఆ ఏడాదే మా కౌంటరు దగ్గర ఒక తండ్రి నాతో అన్న మాట మర్చిపోలేను. కూతురు డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసయింది, పక్కనే నిలబడి ఉంది. ‘చదువు ఉందమ్మా, రంగే లేదు. ఇంటర్వ్యూకి పంపే ఫోటో కాబట్టి కాస్త ఎక్కువే తేల్చండి’ అన్నాడు. ఉద్యోగానికి పంపే ఫోటో. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ నిలబడింది. అంతకుముందు పెళ్లికి మాత్రమే అడిగిన రంగుని ఇప్పుడు ఉద్యోగానికీ అడుగుతున్నారు. ప్రకటన ఆగినా, అది చెప్పిన కథ ఆ తండ్రి దగ్గరే ఉండిపోయింది.

అప్పటికి మేము కంప్యూటరు కొన్నాం. పెన్సిలు పక్కన పెట్టి ఫోటోషాప్ నేర్చుకున్నాను. నాన్న పెట్టిన హద్దు అక్కడ నిలవడం కష్టమైంది, ఎందుకంటే నెగెటివ్ మీద గంట పట్టే పని మౌస్‌తో ఒక్క క్షణంలో అయిపోతుంది, కస్టమరు నా భుజం మీదుగా తెర చూస్తూ ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అంటూ ఉంటాడు. గుండ్రటి మొహం కోల మొహం కావాలి. నడుం తగ్గాలి. మా అమ్మ కాలంలో సంబంధం చూసేవాళ్లు బక్కపల్చటి పిల్లని చూసి ‘ఒంట్లో బాగానే ఉంటుందా?’ అని ఆరా తీసేవాళ్లు. పెళ్లయ్యాక కాస్త ఒళ్లు చేస్తే అత్తవారింట్లో సుఖంగా ఉందని సంతోషించేవాళ్లు. సావిత్రినీ, జమునని చూసి పెరిగిన కళ్లు అవి. ఒక్క పాతికేళ్లలో అవే కుటుంబాలు కరిజ్మా ఆల్బంలో పెళ్లికూతురి చేతులు సన్నం చెయ్యమని అడిగే స్థితికి వచ్చాయి. బొంబాయి నుంచి వచ్చిన సన్నటి, తెల్లటి హీరోయిన్లు తెరనిండా ఉన్నారు. ఆ తర్వాత ‘సైజ్ జీరో’ మాట మా ఊళ్లో ఇంటర్ పిల్లల నోటికి కూడా ఎక్కింది. పొద్దున్న తినకుండా ఫోటోకొచ్చి, లైట్ల వేడికి కళ్లు తిరిగి కూలబడిన పిల్లకి నేనే గ్లూకోజు నీళ్లు తాగించాను.

మగపిల్లలు తప్పించుకున్నారా అంటే లేదు. 2005లో ఇమామీ కంపెనీ మగవాళ్ల కోసం విడిగా ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ తెచ్చింది. కొన్నాళ్లకి షారుక్ ఖాన్ దాని ప్రకటనలో కనిపించాడు. 2007లో ‘దేశముదురు’లో అల్లు అర్జున్ సిక్స్ ప్యాక్ చూపించాక మా వీధి చివర జిమ్ముకి బోర్డు మారింది. ఆడపిల్ల అయితే తల్లి చేత అడిగించేది. మగపిల్లాడు షాపు ఖాళీ అయ్యేదాకా ఆగి, గొంతు తగ్గించి, ‘ఆంటీ, కొంచెం కలర్ పెంచండి, ఎవరికీ చెప్పకండి’ అనేవాడు. ఆ సిగ్గు నన్ను ఎక్కువ బాధపెట్టేది. ఆడపిల్లకి కనీసం పైకి చెప్పుకునే వీలన్నా ఉంది.

నేను ఫోటోల సంగతే చెబుతూ వచ్చాను కానీ, 2010 తర్వాత చర్మాల సంగతే మారిపోయింది. ఒకరోజు పెళ్లికూతురి ఫోటోలకి వచ్చిన పిల్ల మొహం దగ్గర్నించి చూస్తే నాకు ఏదో తేడాగా అనిపించింది. తెల్లగానే ఉంది. కానీ చర్మం ఉల్లిపొరంత పల్చగా, చెంపల మీద సన్నటి ఎర్ర నరాలు దారాల్లా బయటికి కనిపిస్తున్నాయి. చెంపల అంచున నూగు ముదిరి వెంట్రుకలైంది. లైట్లు వెయ్యగానే ‘మంట, మంట’ అని చేతులడ్డం పెట్టుకుంది. లైట్లన్నీ ఆపేసి, కిటికీ వెలుతుర్లో తీశాం. అడిగితే, మందులషాపులో ఎవరో చెప్పారని ఒక ట్యూబు ఏడాదికి పైగా రాస్తోందట. నెల తిరక్కుండానే రంగొచ్చిందట. మానేస్తే మొహం ఎర్రగా పొంగి, పొక్కులొచ్చి, మునుపటికంటే నల్లబడుతోందట. అందుకే మానలేకపోతోంది.

తర్వాత ఆ పిల్లని గుంటూరులో చర్మం డాక్టరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన ట్యూబు వెనక అక్షరాలు చదివి, మూడు మందుల మిశ్రమం అని చెప్పారు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటికి తోడు ఒక స్టెరాయిడ్. మంగుమచ్చలకి డాక్టరు పర్యవేక్షణలో కొద్ది వారాలు మాత్రమే వాడాల్సింది. స్టెరాయిడ్ రక్తనాళాల్ని ముడుచుకునేట్టు చేస్తుంది కాబట్టి మొదట్లో చర్మం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, మొటిమలొస్తాయి, వెంట్రుకలు మొలుస్తాయి, ఎండ సోకితే మండుతుంది. ఆపితే ఒక్కసారిగా ఎదురుతిరుగుతుంది. ఇలాంటి మొహాలు ఎన్ని వస్తున్నాయంటే మన చర్మవైద్యులు ఈ జబ్బుకి విడిగా ఒక పేరే పెట్టుకున్నారని ఆయన అన్నారు. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లోకి మార్చింది. ఆ పిల్ల మొహం కుదుటపడటానికి చాలాకాలం పట్టింది. పెళ్లి ఆగలేదు, అది సంతోషం. కానీ పెళ్లినాడు ఆ పిల్ల పడ్డ మంట నాకు తెలుసు. హోమం ముందు కూర్చోలేక అటూ ఇటూ మొహం తిప్పుకుంటుంటే, వీడియో చూసిన చుట్టాలు ‘సిగ్గు’ అని మురిసిపోయారు.

2013 సెప్టెంబరులో నీనా దావులూరి మిస్ అమెరికా అయింది. ఆమె అమ్మానాన్నల మూలాలు విజయవాడ వైపే కాబట్టి మా దగ్గర పెద్ద సంబరం. ఆ పిల్లది మా ఇంటి ఆడపిల్లల రంగే. ఇక్కడే పుట్టి పోటీకి వెళ్లుంటే ఆ రంగుకి కిరీటం వచ్చేదా అని పత్రికల్లోనే చర్చ నడిచింది. ఆమె కూడా తర్వాత ఈ విషయం మీదే పనిచేసింది, డాక్యుమెంటరీ తీసింది. చెన్నైలో కవితా ఇమ్మాన్యుయేల్ 2009లో మొదలుపెట్టిన ‘డార్క్ ఈజ్ బ్యూటిఫుల్’ ఉద్యమానికి నటి నందితా దాస్ గొంతు కలపడం కూడా 2013లోనే. మరుసటేడు ప్రకటనల ప్రమాణాల మండలి నిబంధన పెట్టింది: నల్లగా ఉన్నవాళ్లని దిగులుగా, ఉద్యోగానికీ పెళ్లికీ పనికిరానివాళ్లుగా చూపించకూడదు. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత వచ్చిన ఒత్తిడికి ఫెయిర్ అండ్ లవ్లీ పేరులో ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చింది. షాదీ డాట్ కామ్ వాళ్లు రంగుని బట్టి వెతికే వీలు తీసేశారు. మంచివే. వీటన్నిటికంటే మా కౌంటరు దగ్గర నేను కళ్లతో చూసిన మార్పు ఒక సినిమా వల్ల వచ్చింది. 2017లో ‘ఫిదా’లో సాయిపల్లవి చెంపల మీద మొటిమలతో అలాగే కనిపించింది. ఆ ఏడాది ఇద్దరు ముగ్గురు పిల్లలు ‘మొటిమలు ఉంచెయ్యండి ఆంటీ, పర్లేదు’ అన్నారు. అంతకుముందు ఆ మాట నేను ఎప్పుడూ విన్లేదు. తర్వాత ఆమె రంగు క్రీమ్ ప్రకటనకి ఒప్పుకోలేదని పేపర్లో చదివి మా పనివాళ్లందరికీ స్వీటు పంచాను.

ఇప్పుడు పోరు ఫోనుతో. కెమెరా నొక్కకముందే మొహాన్ని తెల్లగా, కళ్లని పెద్దగా, దవడని సన్నగా చేసేస్తుంది. పాస్‌పోర్టు ఫోటో కావాలని వాట్సాప్‌లో పంపే సెల్ఫీలు నేను పెద్దది చేసి చూస్తాను. చెంప పక్కనున్న తలుపు గీత లోపలికి వంగి ఉంటుంది, చెంపని నొక్కినప్పుడు తలుపుని కూడా నొక్కేసింది కాబట్టి. ‘ఇది నీ మొహం కాదమ్మా’ అంటే పిల్లకి అర్థం కాదు. రోజుకి ఎన్నోసార్లు చూసుకునే మొహం అదే మరి. అమెరికా వీసాకి మాత్రం మార్పులు చేసిన ఫోటో పనికిరాదు. తెల్ల బ్యాక్‌గ్రౌండు, కళ్లద్దాలు ఉండకూడదు, టచింగ్ ఉండకూడదు. ఎమ్మెస్‌కి వెళ్లే పిల్లలు వస్తారు. తీసి తెరమీద పెడతాను. ‘ఛీ, నేనిలా ఉంటానా!’ అంటారు. అలా అనని పిల్ల అరుదు. ఆ పిల్లల్ని కూర్చోబెట్టి, నాన్న లైటు ఎలా పెట్టేవాడో అలా పెట్టి, డబ్బులు తీసుకోకుండా ఇంకో ఫోటో తీసి ఇస్తాను. ఫిల్టరు ఉండదు, పౌడరు ఉండదు, చెంప ఎముక మీద మెరుపు ఉంటుంది. కొందరు అక్కడే వాళ్లమ్మకి ఫోన్‌లో పంపిస్తారు.

మొన్నటి మాఘమాసంలో ఒక పెళ్లి ఆల్బం చేశాం. డిజైన్లు చూడటానికి పెళ్లికూతురు తనే వచ్చింది, బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్ల. ‘ఆంటీ, నా రంగు నాకు ఉంచండి. మా ఫ్రెండు ఆల్బంలో ఫ్రెండుని నేనే గుర్తుపట్టలేకపోయాను’ అంది. పేజీ పేజీకీ సరేనని రాసి వెళ్లింది. రెండ్రోజులకి పెళ్లికొడుకు తల్లి ఫోన్ చేసింది.

‘మా వాడి పక్కన పిల్ల మరీ రంగు తక్కువగా కనిపిస్తోందండీ. మీరు చేస్తారు కదా అలాంటివన్నీ, కాస్త చూడండి.’

‘చెయ్యగలనమ్మా. కానీ ఆ అమ్మాయి చూసి ఒప్పుకున్న పేజీలివి. మార్చాలంటే ఆ అమ్మాయే చెప్పాలి.’

‘అత్తగారిని, నేను చెబుతున్నాను కదా.’

‘మీరు పెద్దవారు, కాదనను. ఒకసారి కోడల్ని అడిగి చెప్పండమ్మా, ఆ అమ్మాయి ఊ అంటే వెంటనే మార్చేస్తాను.’

మళ్లీ ఫోన్ రాలేదు. పిల్ల ఒప్పుకున్నట్టే ప్రింటు వేయించాను. ఆల్బం తీసుకోవడానికి ఆవిడే వచ్చింది. కుర్చీలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కటీ వదలకుండా చూసింది. తలంబ్రాల పేజీ దగ్గర కాసేపు ఆగింది. ‘చీర రంగు సరిగ్గా వచ్చిందండీ, కంచిలో నేను ఎంచిన రంగే’ అని, పర్సు తీసి మిగిలిన డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది.